ఏడుంబావు బండి

ప్రతి చలికాలం ఒక్కసారైనా ఆ ఫార్వర్డ్ మా ఇంటి వాట్సాప్ గ్రూపులోకి వస్తుంది. మంచు మధ్య ఒంటరిగా ఒక రైలు పెట్టె, పక్కన స్కూలు కోటు వేసుకున్న అమ్మాయి, కింద నాలుగు వాక్యాలు. జపాన్‌లో ఒకే ఒక్క విద్యార్థిని కోసం రోజూ రైలు నడుపుతున్నారు, ఆ పిల్ల చదువు పూర్తయిన రోజున స్టేషన్ మూసేస్తారు, దేశమంటే అలా ఉండాలి. ఒక ఏడు మా పెద్ద మావయ్య పెడతాడు, ఇంకో ఏడు పిన్ని పెడుతుంది. వెంటనే దండం బొమ్మలు వరస కడతాయి.

అమ్మ గ్రూపులో ఏమీ రాయదు. నాకు ఫోన్ చేస్తుంది.

"అమ్మలూ, ఆ రైలు నువ్వున్న చోటికి దగ్గరేనా?"

దగ్గరే. ఐదేళ్ళుగా నేను సప్పోరోలో ఉంటున్నాను, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని. ఆ స్టేషన్ ఉండింది ఇదే హొక్కైదో దీవిలో, ఇక్కణ్ణించి ఎక్స్‌ప్రెస్‌లో మూడు గంటల దూరం. ఉండింది అని ఎందుకంటున్నానంటే, 2016లోనే దాన్ని మూసేశారు. ఆ మాట అమ్మకి ప్రతిసారీ చెబుతాను. ప్రతిసారీ అమ్మ ఒకటే అంటుంది. "మూసేస్తే ఏం? ఊరు ఉంటుందిగా. ఓసారి వెళ్ళి చూసి రావే."

అమ్మ నన్ను గుడికి తప్ప ఫలానా చోటు చూసి రమ్మని అడిగే మనిషి కాదు. తను ఇంటర్ రెండేళ్ళూ గోదావరి జిల్లాలో ఒక చిన్న హాల్ట్ నుంచి ప్యాసింజర్ బండెక్కి టౌన్‌కి వెళ్ళి చదువుకుంది. ఆ గుర్తు కొద్దీ అడుగుతోందనుకున్నాను. పోయిన ఫిబ్రవరిలో ఒక మంగళవారం సెలవు పెట్టి బయల్దేరాను.

వెళ్ళే ముందు ఆ కథలో నిజమెంతో వెతుక్కున్నాను. అది మొదట పాకింది 2016 జనవరిలో, చైనా ప్రభుత్వ టీవీ వాళ్ళ ఫేస్‌బుక్ పేజీ నుంచి. స్టేషన్ పేరు కామి-షిరతాకి అని, పొద్దున 7:04కి ఒక బండి, సాయంత్రం 5:08కి ఒక బండి, రెండే ఆగుతాయని, ఎక్కేది ఒక్క హైస్కూల్ అమ్మాయేనని అందులో ఉంది. నాలుగైదు రోజుల్లో ప్రపంచమంతా తిరిగింది. ఆ టైములు కామి-షిరతాకివే. కానీ ఆ అమ్మాయి ఎక్కింది అక్కడ కాదు, అక్కణ్ణించి రెండు స్టేషన్లు తూర్పున ఉన్న క్యూ-షిరతాకిలో. క్యూ-షిరతాకి నుంచి ఎంగరు టౌన్‌లో ఉన్న హైస్కూల్‌కి వెళ్ళాలంటే రోజుకి ఒకటే బండి, పొద్దున ఏడుంబావుకి. తిరిగి రావడానికి మాత్రం మూడున్నాయి. ఐదు కాకముందు ఒకటి, చీకటి పడ్డాక రెండు.

పేర్లు తికమకగా ఉన్నాయని అనుకోకండి. మన ఊళ్ళకి ఎగువ, దిగువ, పాత అని తగిలించినట్టే ఇక్కడా తగిలించారు. కామి అంటే ఎగువ, షిమో అంటే దిగువ, ఓకు అంటే బాగా లోపల, క్యూ అంటే పాత. షిరతాకి అంటే తెల్లని జలపాతం. యూబెత్సు నది ఒడ్డున వరసగా ఇన్ని షిరతాకిలు. రైలు పిచ్చి ఉన్నవాళ్ళు వీటన్నిటినీ కలిపి షిరతాకి సిరీస్ అని పిలిచేవారట. ఇప్పుడు వాటిలో ప్రయాణికులు ఎక్కే స్టేషన్ ఒకటే మిగిలింది, ఏ తోకా లేని ఒట్టి షిరతాకి.

ఒక్క పిల్ల కోసమే బండి నడిచిందన్న మాట కూడా నిజం కాదు. అది మామూలు లోకల్ బండి. షిరతాకిలోనూ పిల్లలు ఎక్కేవారు, అందరూ కలిసి ఎంగరు వెళ్ళేవారు. మూడేళ్ళ ముందే మూసేద్దామనుకుని ఆ అమ్మాయిని చూసి ఆగిపోయారన్న ముక్కకి నాకు ఎక్కడా ఆధారం కనిపించలేదు. ఎక్కేవాళ్ళు తగ్గిపోయారు, డీజిల్ పెట్టెలు పాతబడ్డాయి, ఈ దీవిలో రైళ్ళు నడిపే కంపెనీ జేఆర్ హొక్కైదో లోకల్ బళ్ళు తగ్గించుకుంటూ వచ్చింది. జపాన్‌లో రైళ్ళ టైంటేబుల్ ఏటా మార్చిలో మారుతుంది. చదువుల ఏడాది ముగిసేదీ మార్చిలోనే. 2016 మార్చి 26న టైంటేబుల్ మారినప్పుడు హొక్కైదోలో ఎనిమిది స్టేషన్లు పోయాయి, వాటిలో నాలుగు ఈ ఒక్క సెకిహోకు లైన్‌లోవి. కామి, క్యూ, షిమో, మూడు షిరతాకిలూ అందులో ఉన్నాయి. అదే రోజున హొక్కైదోకి మొట్టమొదటిసారి షింకాన్‌సెన్ వచ్చింది. బుల్లెట్ రైలు దిగిన రోజే ఏడుంబావు బండి ఆగే చోటు పోయింది. ఆ రెండూ ఒకే తారీఖు అని తెలిసినప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది.

ఇక ప్రయాణం. సప్పోరోలో ఏడు కాకముందే బయల్దేరే ఒఖోత్సుక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. అసాహికవా దాటేదాకా పట్టాలకి రెండు వైపులా ఇళ్ళు, కార్లు, బడికి వెళ్ళే పిల్లలు. కామికవాలో ఆగి కదిలాక ఇళ్ళు పోయాయి. అక్కణ్ణించి షిరతాకి దాకా 37.3 కిలోమీటర్లు ఒక్క స్టేషన్ లేదు. బుల్లెట్ రైలు మార్గాలు పక్కన పెడితే, పక్కపక్క స్టేషన్ల మధ్య ఇంత ఎడం జేఆర్ లైన్లలో మరెక్కడా లేదంటారు. మొదట్నుంచీ అంత ఎడం లేదు. 2001లో మూడు ఒకేసారి పోయాయి, 2016లో కామి-షిరతాకి పోయింది, మధ్య దూరం అలా పెరుగుతూ వచ్చింది. వాటిలో కొన్నిచోట్ల పట్టాలు ఇంకా రెండుగా చీలి కలుస్తాయి. సింగిల్ లైన్ కదా, ఎదురు బండికి క్రాసింగ్ పడితే ఆగడానికి. బండి ఆగుతుంది, మనిషి దిగడానికి లేదు.

ఆ ముప్పై ఏడు కిలోమీటర్లలో రెండు చోట్ల జింకలు అడ్డొచ్చాయి. బండి గట్టిగా బ్రేకు వేసింది, పొడుగ్గా హారన్ కొట్టింది, మైకులో డ్రైవర్ క్షమించమన్నాడు. ఎవరూ తల ఎత్తలేదు. ఈ లైన్లో అది రోజూ ఉండేదేనట. తర్వాత సెకిహోకు సొరంగం, 4,329 మీటర్లు. 1932లో ఈ లైన్ పూర్తయింది ఆ సొరంగం తవ్వడం వల్లే. ఇవతల ఇషికారి, అవతల కితామి, ఆ రెండు సీమల పేర్లలో ఒక్కో చిత్రాక్షరం తీసి కలిపి, ఇంకో ఉచ్చారణతో చదివితే సెకిహోకు. సొరంగం దాటాక ఆకాశం రంగు మారిపోయింది. అటు మబ్బు, ఇటు నీలం. చెట్ల కొమ్మలకి గడ్డకట్టిన మంచు ఎండలో మెరుస్తోంది.

షిరతాకిలో దిగింది నేనొక్కదాన్నే. ఫోన్‌లో మైనస్ పదహారు. ముక్కులో తడి గడ్డకట్టడం తెలుస్తుంది, గాలి పీల్చినప్పుడల్లా లోపల ఏదో చిన్నగా గుచ్చుకున్నట్టు. సప్పోరోలో చలి ఉంటుంది గానీ ఇలా కాదు. అప్పటికి తొమ్మిది దాటింది, ఎండ వచ్చింది. ఏడుంబావుకి ఇక్కడ ఎలా ఉంటుందో అనుకున్నాను. డిసెంబర్, జనవరిలో ఆ వేళకి అప్పుడప్పుడే తెల్లవారుతూ ఉంటుంది.

స్టేషన్‌లో సిబ్బంది లేరు. తలుపు నెట్టుకుని లోపలికెళితే వరసగా కుర్చీలు, మంచు ఎత్తే పార, గోడకి టైంటేబుల్. నేను చాలాసేపు దాని ముందే నిలబడ్డాను. మన బస్టాండ్లలో బోర్డు చూస్తే అంకెలు ఒకదాని మీద ఒకటి తోసుకుంటూ ఉంటాయి. ఇక్కడ గంటల వరస పొద్దున్నించి రాత్రి దాకా నిలువుగా వేసి ఉంది, ఆ గడుల్లో ఎక్కువ ఖాళీ. రెండు దిక్కులవీ కలిపినా వేళ్ళ మీద లెక్కపెట్టేయొచ్చు. ఎంగరు వైపు తర్వాతి బండి మధ్యాహ్నం. అంటే నాకు నాలుగు గంటలుంది.

స్టేషన్ నుంచి కొద్ది దూరం నడిస్తే అబ్సిడియన్ మ్యూజియం ఉంది. అబ్సిడియన్ అంటే అగ్నిపర్వతం నుంచి పుట్టిన నల్ల గాజురాయి. రాతియుగంలో ఈ కొండల మీది రాయితోనే కత్తులు, ములుకులు చెక్కుకున్నారు. ఇక్కడ తవ్వకాల్లో దొరికిన 1,965 వస్తువుల్ని 2023లో జపాన్ జాతీయ సంపదగా ప్రకటించారు. ఆ దేశపు జాతీయ సంపదలన్నిటిలోకీ పాతవి ఇవే. ఒక ములుకు దగ్గర వంగి చూశాను. అరచేతి కంటే పొడుగు, వేప ఆకు ఆకారం, అంచు పల్చబడ్డ చోట నలుపు పోయి పొగ రంగులో వెలుతురు కనిపిస్తోంది. ఇంత సన్నగా చెక్కుతూ చెక్కుతూ ఆఖరి దెబ్బకి పగలకుండా ఎలా ఆపాడో ఆ మనిషి. ఆ గదిలో నాతోపాటు ఇంకెవరూ లేరు.

వేల ఏళ్ళ తర్వాత 1912లో దక్షిణాన వకయామా నుంచి యాభైకి పైగా కుటుంబాలు అడవి కొట్టి సాగు చేసుకోడానికి ఇక్కడికి వచ్చాయి. వాళ్ళని తీసుకొచ్చిన యువకుడు ఉయెషిబా మోరిహెయి. తర్వాత ఐకిదో అనే యుద్ధ విద్యని స్థాపించింది ఆయనే. అప్పటికి రైలు లేదు. వాళ్ళు అలా వచ్చిన చోటికి నేను వేడి పెట్టెలో కూర్చుని కాఫీ తాగుతూ వచ్చాను. షిరతాకి చాలాకాలం విడిగా ఒక గ్రామం, 2005లో ఎంగరు టౌన్‌లో కలిపేశారు. వీధిలో నడిస్తే తెలుస్తుంది, మంచు తీసిన గుమ్మాలు మనుషులున్న ఇళ్ళు, తియ్యనివి లేనివి. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో మానేశాను.

తిరిగి స్టేషన్‌కి వచ్చేసరికి ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. ఎంగరులో ఆసుపత్రికి వెళుతోందట, మోకాళ్ళు. నాది ఏ దేశమని అడిగింది. ఇండియా అన్నాను. ఆవిడ ముఖం వెంటనే మారింది, ఏం అడగబోతానో ముందే తెలిసినట్టు.

"మీరూ ఆ అమ్మాయి గురించే వచ్చారా?"

అవునన్నాను. మా అమ్మ పంపిందని చెప్పాను. అమ్మ పంపిందన్న మాటకి ఆవిడ మెత్తబడింది. బ్యాగు పక్కకి జరిపి కూర్చోమంది.

ఆవిడ చెప్పింది ఇది. వాళ్ళ రెండోవాడు ఎంగరు హైస్కూల్‌లోనే చదివాడు. ఆ స్కూల్‌కి రగ్బీలో పేరు, వాడు రగ్బీ ఆడతానన్నాడు. ఆడడానికి ఒంట్లో బలం ఉంటే చాలదు, బండి కుదరాలి. ప్రాక్టీస్ అయ్యేసరికి ఆఖరి బండికి అంతంత మాత్రం టైము. బూట్లు విప్పకుండా స్టేషన్‌కి పరుగెత్తేవాడు, బండిలో విప్పుకునేవాడు, పెట్టెలో అందరూ ఆ వాసన భరించేవారు. ఒక్కరోజు తప్పిందా, వాళ్ళాయనో తనో కారేసుకుని మంచులో ముప్పై ఎనిమిది కిలోమీటర్లు వెళ్ళి తెచ్చుకోవాలి. "పొద్దున బండి గురించి అందరూ అడుగుతారు. పొద్దున్నదాందేముంది, నిద్ర లేపి తోసేస్తే పోతారు. పిల్లల బతుకంతా సాయంత్రం బండి చేతిలో ఉండేది" అంది.

ఆ మాట దగ్గర నేను నోట్ రాసుకోవడం మానేసి వినడం మొదలుపెట్టాను.

క్యూ-షిరతాకి గురించి అడిగితే, అది 1947లో మొదలైందని, తనకి గుర్తున్నప్పటి నుంచీ ఒక చిన్న చెక్క గది, ఒక పొట్టి ప్లాట్‌ఫామ్, అంతేనని చెప్పింది. ఆ గదిని చుట్టుపక్కల వాళ్ళే ఊడ్చుకునేవారు, మంచు ఎత్తుకునేవారు. ఆఖరి రోజుల్లో ఎక్కడెక్కడి నుంచో కెమెరాలు వేసుకుని జనం దిగారు. ఎన్నో ఏళ్ళ తర్వాత అన్ని కాళ్ళ అచ్చులు మంచులో చూశానంది. "ఆ పిల్లకి పాపం రోజూ ఫొటోలే. చదువుకునే పిల్ల, పరీక్షల వేళ." ఆవిడ గొంతులో కోపం లేదు, ఆ పిల్ల మీద జాలి ఉంది. అందుకే ఆ అమ్మాయి పేరు నెట్‌లో దొరికినా నేనిక్కడ రాయడం లేదు. ఇప్పుడు ఇరవైలు దాటబోతున్న మనిషి. తన బతుకు తనది.

"మూసేసినందుకు బాధపడ్డారా?" అని అడిగాను.

కాసేపు ఆలోచించింది. స్టేషన్ పోవడం కాదు, అక్కడ ఎక్కే పిల్లలు లేకపోవడం బాధ అంది. పిల్లలుంటే బండి దానంతటది ఆగుతుంది. మళ్ళీ తనే, బండి ఆగదనే పిల్లలున్నవాళ్ళు ఇక్కడ ఉండరేమో, ఏది ముందో తెలీదు అంది.

బండి టైముకి మూడు నిమిషాల ముందు ఆవిడ లేచింది. గమ్మత్తుగా ఒంగి బూటు మడమ దగ్గర ఏదో గిలక తిప్పింది. అడుగున ఇనుప ముళ్ళు బయటికి వచ్చాయి. రెండో బూటుకీ అలాగే. గచ్చు మీద ముళ్ళు లోపలికి, మంచు మీద బయటికి. మా పక్కింటావిడ గుమ్మం దగ్గర చెప్పులు మార్చినంత అలవాటుగా చేసింది. గ్లవ్స్ తొడుక్కుని, నా మఫ్లర్ వదులుగా ఉందని తనే లాగి ముడి బిగించింది. "పదండి" అంది. ఇద్దరం బయటికొచ్చి నిలబడ్డ అర నిమిషానికి బండి మలుపు తిరుగుతూ కనిపించింది. చలిలో ఒక్క నిమిషం కూడా వృథాగా నిలబడలేదు.

బండిలో నేను ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని కూర్చున్నాను. క్యూ-షిరతాకి ఉన్నచోటు ఒక గుర్తు పెట్టుకున్నాను, మా నీలం చుక్క దాని వైపు జరుగుతోంది. ఆవిడ నా పక్క సీట్లోనే ఉంది. ఆవిడకి మ్యాప్ అక్కర్లేదు. "ఇంకా ఉంది. ఇంకా ఉంది. ఆ షెడ్డు దాటాక. ఇదిగో." నేను కిటికీకి ముఖం ఆనించాను. నది వైపు చేలు, వాటి మీద నడుము లోతు మంచు, మంచు మీద నక్క నడిచిన అడుగులు ఒకే దారంలా. నాకు ప్లాట్‌ఫామ్ కనిపించలేదు, గది కనిపించలేదు. ఇంజన్ చప్పుడు కూడా తగ్గలేదు. రెండు సెకన్లు. అంతే, దాటిపోయాం.

ఆవిడ మాత్రం అటు చూసి తల కొద్దిగా వంచింది. నాకు చూపించడానికి చేసింది కాదు. ఎప్పుడూ చేసేదే అనిపించింది.

షిమో-షిరతాకి కూడా ఇప్పుడు క్రాసింగ్ కోసం మిగిలిన చోటే. తర్వాత మరుసెప్పు, ఆ తర్వాత ఎంగరు. ఎంగరు వస్తుందనగా నేను ఎప్పుడూ చూడనిది ఒకటి చూశాను. మైకులో ఏదో చెప్పారు. పెట్టెలో ఉన్న కొద్దిమందీ లేచి, సీటు కింద పెడల్ కాలితో నొక్కి, సీట్లని గిర్రున వెనక్కి తిప్పేశారు. బండి ఎంగరులోకి ముందుకి వెళుతుంది, అక్కణ్ణించి వెనక్కి బయల్దేరుతుంది. ఒకప్పుడు ఇక్కణ్ణించి నేరుగా సముద్రం వైపు నయోరో లైన్ పోయేది, దాన్ని 1989లో మూసేశారు. మిగిలిన దారికి వెళ్ళాలంటే బండి దిక్కు మార్చుకోవాల్సిందే. కితామి నుంచి ఉల్లిపాయలు మోసే గూడ్సుకి రెండు చివర్లా ఇంజన్లు తగిలించేది కూడా ఇందుకే. జపాన్‌లో అన్నిటికంటే ఎక్కువ ఉల్లి పండేది కితామిలో. లేని లైన్ కోసం ముప్పై ఏళ్ళు దాటినా జనం సీట్లు తిప్పుకుంటూనే ఉన్నారు.

స్టేషన్ వెనకాలే 78 మీటర్ల ఎత్తున నిటారుగా ఒక బండరాయి. హొక్కైదో ఆదివాసులైన ఐనూ జనం దాన్ని ఇంకారుషి అనేవారు, నిలబడి దూరం చూసే చోటు అని. ఎంగరు అన్న పేరు అందులోంచే వచ్చింది. ఆసుపత్రి బస్సు దగ్గర పెద్దావిడ నాకు వంగి నమస్కారం చేసింది, నేను రెండు చేతులూ జోడించాను. "మీ అమ్మగారికి చెప్పండి" అంది. ఏం చెప్పాలో చెప్పలేదు.

అప్పుడే స్కూల్ వదిలినట్టున్నారు, పిల్లలు గుంపుగా స్టేషన్ వైపు వస్తున్నారు. మంచులో జారుతూ, ఒకళ్ళ బ్యాగు ఒకళ్ళు లాగుతూ. ఒక పిల్లాడు మాత్రం పరుగున వచ్చి బోర్డు చూసి, ఊపిరి వదిలి, గోడకి ఆనుకున్నాడు. ఇంకా టైముంది కాబోలు.

2016 నవంబరులోనే జేఆర్ హొక్కైదో ఒక జాబితా వేసింది, ఒంటరిగా నిలబెట్టలేని లైన్లు ఇవీ అని, మొత్తం సుమారు 1,237 కిలోమీటర్లు. ఈ సెకిహోకు లైన్ ఆ జాబితాలో ఉంది. ఇంకా నడుస్తోంది. ఆ పిల్లాడు ఎక్కాల్సిన బండి ఆ సాయంత్రం టైముకే వచ్చింది, నేను చూశాను.

తిరుగు బండికి టైముంటే అమ్మకి ఫోన్ చేశాను. మా ఇంట్లో మధ్యాహ్నం భోజనాల వేళ, కుక్కర్ విజిల్ వినిపిస్తోంది.

"వెళ్ళొచ్చావా? చూశావా?"

చూడ్డానికి అక్కడ మంచు తప్ప ఏమీ లేదని చెప్పాను. ఒక్క పిల్ల కోసం నడపలేదని, ఆ బండి అందరిదీ అని కూడా చెప్పాను. అమ్మ నొచ్చుకుంటుందేమో అనుకున్నాను. అదేమీ పట్టించుకోలేదు.

"సరే, సాయంత్రం బళ్ళెన్ని ఉండేవి?"

పెద్దావిడ మాట గుర్తొచ్చి నాకు ఒళ్ళు జలదరించింది. "మూడమ్మా. ఎందుకు?"

"ఎన్నింటికి?"

"ఐదుకి ముందొకటి. చీకటి పడ్డాక రెండు. ఆఖరిది ఏడున్నర లోపు ఊళ్ళో దింపేది."

అమ్మ స్టవ్ కట్టేసినట్టుంది, విజిల్ చప్పుడు ఆగిపోయింది. తర్వాత చెప్పింది. టెన్త్ అయ్యాక తను బైపీసీ తీసుకుందామనుకుందట. కాలేజీలో ఫారం కూడా తెచ్చుకుంది. ప్రాక్టికల్స్ మధ్యాహ్నం పెట్టేవారు, నాలుగున్నర దాటేది. మా ఊరి ప్యాసింజర్ నాలుగుంబావుకి. అది పోతే రాత్రి తొమ్మిదికి గానీ లేదు. ఆడపిల్ల తొమ్మిది దాకా టౌన్ స్టేషన్‌లో కూర్చోవడమేంటని తాతయ్య ఒప్పుకోలేదు. ఆ ఫారం చించేసి సీఈసీకి రాసింది.

ఇన్నేళ్ళుగా నేనూ తమ్ముడూ, అమ్మకి సైన్సంటే భయమని అనుకుంటూ వచ్చాం. మా బయాలజీ రికార్డుల్లో బొమ్మలన్నీ అమ్మే వేసి పెట్టేది. కప్ప గుండె, మందార పువ్వు నిలువు కోత. అంత బాగా ఎలా వస్తాయే అని ఎప్పుడూ అడగలేదు.

"ఇంకోసారి చెప్పు, ఐదుకి ముందొకటి, తర్వాత?"

"తర్వాత రెండమ్మా."

"మూడు బళ్ళు" అంది అమ్మ. "అయితే ల్యాబ్ చూసుకుని కూడా ఇంటికి రావచ్చు."